టీచరమ్మకు రంగు కాగితాలు

ధర్మవరం,
ఆగస్టు 18.

మిత్రుడు నబీసాబ్‌కు గంగాధర రాసేది.

ఈడ అందరం బాగుండాము. నీ మోకాలు ఎట్లుండాదో రాయి.

నీ జాబు అందింది. మన ప్రమోదమ్మ టీచరుకు డిసెంబరు పద్నాలుగుకు ఎనభై ఏండ్లు నిండుతాయని రాసినావు. అది చదివి మగ్గంలోంచి లేచొచ్చి అరుగు మీద కూర్చున్యా. మనకే డెబ్బై దాటినాయి. ఆయమ్మకు ఎనభై అంటే, మనం మూడో తరగతి చదివేటప్పుడు ఆయమ్మ మనకంటే రోంత పెద్దపిల్ల, అంతే. అప్పుడు మనకు తెలీలా. కొండంత మనిషి అనుకున్యాము.

నాకొక ఆలోచన వచ్చింది. నవ్వద్దు. ఆయమ్మకు పుట్టినరోజు పండగ చేద్దాము. కల్యాణమంటపం, మైకు, ఫ్లెక్సీ ఏమీ వద్దు. మన ఊరి బడి ఆ దినాల్లో ఎట్లుండేదో అట్ల చేద్దాము. పెనుకొండలో ఆయమ్మ ఉండే ఇంటి ముందర జాగా ఉండాది గదా, ఆడనే. పంద్రాగస్టు వస్తే ఆయమ్మ మనల్ని కూర్చోబెట్టి చేయించేది చూడు, కాగితం గొలుసులు, చిన్న జండాలు, పూలు. అవన్నీ మళ్ళా చేద్దాము. అంగట్లో కొనద్దు. మన చేతులతోనే చేయల్ల.

మొన్న మా వీధి బడికి ప్లాస్టిక్కు జండాలు కట్టినారు. గాలికి పటపటమని ఒకటే చప్పుడు. అది చూసినప్పుడే నాకు ఇది తట్టింది.

నేను మాట్లాడేటోణ్ణి కాదని నీకు తెలుసు. మాట్లాడే పని నీది, చేసే పని నాది.

ఫోన్ చేయద్దు. నాకు సగమే వినపడతాది. నువ్వు అరిస్తే వీధికంతా వినపడతాది. జాబు రాయి.

గంగాధర


హిందూపురం,
సెప్టెంబరు 3.

ఏమప్పా గంగాధరా,

నువ్వు నాకు రాసిన జాబుల్లో ఇదే పెద్దది. కాగితం ఒక పక్కంతా నిండింది. మా ఇంట్లో అందరికీ చూపించినా. "మీ స్నేహితునికి ఒంట్లో బాగలేదా" అని మా కోడలు అడిగింది.

చేద్దాం. చేయకుండా ఉంటామా. మనకు అక్షరం నేర్పిన తల్లి. ఆమె నేర్పకపోయింటే నేను చొక్కా కొలతలు ఉర్దూలో రాయలేను, తెలుగులో రాయలేను, గోడ మీద గీతలు గీసుకుంటా ఉండేవాణ్ణి.

మా మనవరాలు నౌషీన్ తెలుసు గదా, డిగ్రీ చదువుతాండాది. ఆ పిల్లకు చెప్తే, "తాతా, దీన్ని వింటేజ్ థీమ్ అంటారు" అనింది. ఏందమ్మా అది అంటే ఫోన్ తీసి చూపించింది. బెంగుళూరులో ఎవరికో అరవై ఏండ్ల పండగ. అంతా గోధుమరంగు. కాగితాలు గోధుమరంగు, గుడ్డలు గోధుమరంగు, ఒక లాంతరు, ఒక పాత రేడియో, వాటి పక్కన గోధుమరంగు కేకు. "పాతకాలం అంటే ఈ కలరే తాతా" అనింది. చదువుకున్న పిల్ల, సరే అన్యా.

కాగితం పాతగా కనపడల్లంటే టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టల్లంట. మా కోడల్ని బిందెడు డికాక్షన్ కాచమన్యా. ఆమె చెయ్యి అలవాటు, చక్కెర ఏసేసింది. ఎవురికీ తెలీదు. మిద్దె మీద కాగితాలన్నీ ఆరేసినాము. పొద్దున పోయి చూస్తే హిందూపురంలో ఉండే చీమలన్నీ మా మిద్దె మీదనే. కాగితాలు వాటంతట అవే నడిచిపోతాండాయి. నౌషీన్ ఏడుపు మొగం పెట్టింది, మా కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చీమలు కిందికి దిగి నా మిషన్ కాడికి కూడా వచ్చినాయి. ఒకాయన కొత్త ప్యాంటు తొడుక్కుని పోయి మళ్ళా వచ్చినాడు, "నబీసాబ్, ఇది కరుస్తాండాది" అని.

ఇంకోసారి చక్కెర లేకుండా చేస్తాము. దుడ్ల సంగతి నువ్వు ఆలోచించద్దు, కాగితాలకు ఏమంత అయితాది. ఆమెకు కానుక ఏమిస్తామో అది ఆలోచించు. చీర నీ పని అయితే జాకెట్టు నా పని.

నా మోకాలు బాగనే ఉండాది. అడిగినావని చెప్పినా దానికి.

నీ నబీ


ధర్మవరం,
సెప్టెంబరు 16.

నబీకి,

చీమల సంగతి ఓబులమ్మకు చదివి వినిపించినా. కండెలు చుట్టేది ఆపి నవ్వింది. పెండ్లయినప్పటినుంచి నేను చెప్పిన మాటకు ఆమె అంత నవ్వింది లేదు. ఇది కూడా నీ మాటే అనుకో.

గోధుమరంగు వద్దప్పా. నౌషీన్‌కు నిదానంగా చెప్పు. ఫోటోలు పాతబడి ఆ రంగు తిరిగినాయి గాని మన దినాలు ఆ రంగువి కావు. కండ్లు మూసుకుని చూడు. బడి గోడకు ఏముండేది? గులాబీ, చిలకపచ్చ, నిమ్మపండు పసుపు. నడుమ వంగపూత రంగు. మిగిలిన రంగులన్నీ మనచేత అంటించేది, ఆ వంగపూత రంగు కాగితం మాత్రం మనల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఆయమ్మే కత్తిరించి ఆయమ్మే అంటించేది. నీకు గుర్తుండాదో లేదో. నువ్వు మాట్లాడతా ఉంటివి, నేను గమ్మున చూస్తా ఉంటి. చూసింది చూసినట్ల ఉండిపోయింది.

పల్చ కాగితాలు ఈడ తెచ్చినా. మైదా బంకలో రోంత మైలుతుత్తం కలుపు, పురుగు పట్టదు. చీమ కూడా రాదు.

గొలుసులు మొదలుపెట్టినా. ఇంకొకటి కూడా. అంచులో పూలు పడేదానికి మగ్గం పైన బొక్కల అట్టలు తిరుగుతాయి గదా, పాతవి గోనెసంచి నిండా ఉండాయి. వాటి వెనక రంగు కాగితం అంటించి దారానికి వరసగా కట్టినా. ఎండకు ఎదురుగా పట్టుకుంటే బొక్కల్లోనుంచి రంగు చుక్కలు నేల మీద పడతాయి. మా చంద్రమోహన్ మగ్గం ఆపి వచ్చి చూసినాడు. "ఏం నాయనా, ఎవరి పెండ్లి" అన్యాడు. వాడు నన్ను ఏదన్నా అడిగి శానా దినాలయింది.

కానుక సంగతి నాకు వదిలిపెట్టు. మగ్గం మీద ఉండాది. ఏందని అడగద్దు. నా చేతిలోనుంచి ఇంత నున్నగా గుడ్డ ఎప్పుడూ దిగలేదు. గొప్ప చెప్పుకునేది నాకు చేతకాదు, ఇది మాత్రం చెప్తాండా.

గంగాధర


హిందూపురం,
అక్టోబరు 9.

ఏరా మూగోడా,

నౌషీన్ ఒప్పుకున్యాది. నువ్వు రాసిన ముక్క, ఫోటోలు ఆ రంగు తిరిగినాయి గాని మన దినాలు కావని రాసినావే, అది చదివి వినిపించినా.  పిల్ల గోధుమరంగు కాగితాలన్నీ ఎత్తి మడిచి పెట్టేసింది. ఇప్పుడు మా ఇంట్లో యాడ చూసినా రంగు కాగితమే. అన్నం తట్టలో కూడా ఒక పచ్చపువ్వు దొరికింది.

పోయిన వారం బస్సెక్కి పెనుకొండకు పోయినా. టీచరమ్మ వాళ్ళ తమ్ముని కొడుకు ఉమేష్ ఇంట్లోనే, ముందర గదిలో ఉండాది. నన్ను చూస్తానే, "ఏమిరా నబీ, ఎవరి పెండ్లి పత్రిక తెచ్చినావు" అనింది.

"పత్రిక కాదు టీచరమ్మా. మీకు ఎనభై ఏండ్ల పండగ చేస్తాము."

"చేసి?"

"బడి మాదిరి పెడతాము. మేమంతా చాప మీద కూర్చుంటాము, మీరు కుర్చీలో."

"మోకాళ్ళు వంగుతాయా మీకు?"

"వంగవు."

"అయితే బెంచీలు తెప్పించు. శాలువా కప్పినారంటే లేచి లోపలికి పోతా. పొగిడినారన్నా పోతా."

సరే అన్యా. ఏం చేస్తాను, ఇప్పటికీ ఆమె చేతిలో బెత్తం ఉన్నట్లే ఉంటాది నాకు. "గంగాధర వస్తాడా" అని అడిగింది. వస్తాడు, అంతా వాని ఆలోచనే అన్యా. "వాడు నాకు వినపడేట్ల ఒక్క మాట చెప్పింది లేదు. హాజరు పిలిస్తే కూడా చెయ్యెత్తేవాడు" అనింది. నవ్వుతానే అనింది.

మనిషి ఏమీ మారలేదురా. అదే తెల్లచీర, ఉతికి గంజి పెట్టి, మడత నలగకుండా. మల్లెపువ్వు మాదిరి. ఉమేష్‌ను అడిగి ఒక పాత ఫోటో తెచ్చినా. మన బడి వాకిట్లో తెల్లచీరలో నిలబడి ఉండాది. దాన్ని తలుపంత పెద్దది చేయించి నడుమ పెడదాం అనుకుంటాండా.

మగ్గం మీద ఏముండాదో ఇప్పుడన్నా చెప్తావా? జాకెట్టు గుడ్డ రంగు చూసుకోవద్దా నేను?

నబీ


ధర్మవరం,
అక్టోబరు 24.

నబీకి,

ఫోటో పెద్దది చేయించద్దు. చేయించింటే చుట్టి పక్కన పెట్టు.

మగ్గం మీద ఉండింది తెల్లచీర. మంచి పట్టు, ఒట్టి తెలుపు. అంచు లేదు. ఆయమ్మ ఎప్పుడూ తెలుపే గదా, ఎనభై ఏండ్లకు పట్టు తెలుపు ఇద్దామని. ధర్మవరంలో అంచు లేకుండా చీర నేసేటోడు లేడు, నేను ఆయమ్మ కోసమని నేస్తాండానని లోపల్లోపల పొంగినా.

ఆ చీర ఎవురికని ఓబులమ్మకు కూడా చెప్పలేదు. ఆమె ఎన్నో దినాలు తెల్ల కండెలు చుట్టి చుట్టి, మొన్న అడిగింది. చెప్పినా. చేతిలో కండె కింద పెట్టేసింది.

"తెల్లచీర ఆయమ్మ ఇష్టపడి కట్టిందని నీకెవరు చెప్పినారు?"

ఎప్పుడూ అదే గదా కట్టేది, అన్యా.

"మొగుడు పోయినాడని పదహారేండ్ల పిల్లకు ఇంట్లోవాళ్ళు కట్టించినారు. ఆ దినం నూలుచీర. ఈ పొద్దు నువ్వు పట్టులో నేసి మళ్ళా కట్టిస్తావా?"

మగ్గం ఆపేసినా. 

తెలీదని కాదు నబీ. మన చిన్నప్పుడు తెలీదు గాని పెద్దయినాక మనకు తెలుసు. తెలిసి కూడా తెల్లచీర అంటే నాకు బడి గుర్తొచ్చేది, సుద్దముక్క గుర్తొచ్చేది. ఆ పిల్ల గుర్తొచ్చేది కాదు. బొట్టు లేకుండా, ఎవరూ తెలీని ఊరికి పెట్టె పట్టుకుని వచ్చిన పిల్ల.

నేసిందాన్ని కోసేసినా. అప్పటినుంచి మగ్గం గుంతలోకి దిగబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఏం చేయల్ల? రంగు చీర ఇయ్యల్లంటే భయం. ఇన్నేండ్లకు తెలుపే తనది అనుకునిందేమో. మనం రంగు తెచ్చి ఒళ్ళో పెడితే బాధపడతాదేమో. పోనీ ఏమీ ఇయ్యకపోతే, ధర్మవరంలో ఉండి ఆయమ్మకు చీర ఇయ్యనోడిగా పోతా. నువ్వు ఒకసారి పోయి చూడు. నీకు నోరుండాది.

గంగాధర


హిందూపురం,
నవంబరు 5.

గంగాధరా,

నీ జాబు చదివి మిషన్ ఆపేసినా.

నేను కూడా తెల్ల జాకెట్టు గుడ్డ తీసి పెట్టుకున్యా. తెలుపులో కూడా మంచి తెలుపు ఏరినా. కాబట్టి నువ్వొక్కడివే తల కొట్టుకోవద్దు, నాకు కూడా రోంత వదులు.

మా అమ్మ రోషన్‌బీ గుర్తుండాది గదా. టీచరమ్మ బడికి పోతాంటే మా అమ్మ పని ఇడిచిపెట్టి గడపలోకొచ్చి నిలబడేది. "అల్లా, ఎంత చిన్నపిల్ల" అనేది. "చిన్నపిల్ల కాదమ్మా, టీచరు" అని నేను ఎదురు చెప్పేవాణ్ణి. ఆడోళ్ళందరికీ కనపడింది. బడిలో కూర్చున్న మనకే కనపడలేదు.

మెడలో టేపు ఏసుకుని పెనుకొండకు పోయినా. పండగకు జాకెట్టు కుడతా, కొలతలు ఇయ్యండి టీచరమ్మా అన్యా.

"తెల్లగుడ్డ తెచ్చినావా?"

"మీరు ఏ రంగు తెమ్మంటే ఆ రంగు తెస్తా."

ఆమె నన్నట్ల చూసింది.  నాకు నోరుండాదని రాసినావే, ఆ పొద్దు అది యాడికి పోయిందో తెలీదు.

"నాకెందుకురా రంగులు" అనింది. గమ్మున కొలతలు తీసుకున్యా. చెయ్యి సన్నగా అయిపోయింది గంగాధరా. మనల్ని రెక్క పట్టుకుని లేపిన చెయ్యి.

వాకిలి దాటినాక వెనక్కి పిలిచింది.

"గొలుసులు కడతాండారంట. ఏం రంగులు?"

"మీరు బడిలో కట్టించినవే."

"జీతం తీసుకునేదానికి హిందూపురం వచ్చినప్పుడంతా కాగితాలు కొనేదాన్ని. అంగడాయన అడిగేవాడు, పిల్లలకా అమ్మా అని. అవునని చెప్పేదాన్ని."  మళ్ళా, "సగం నాకోసమే కొనేదాన్నిరా" అనింది.

 నేను వచ్చి బస్సెక్కినా. బస్సు హిందూపురం చేరేదాకా పక్కనోనితో కూడా ఒక మాట అనలేదు. అది ఎంత పెద్ద సంగతో నీకు తెలుసు.

నాకైతే ఇయ్యల్లనే అనిపిస్తాండాది. రంగు నువ్వు చూడు. బడిలో గమ్మున చూస్తా కూర్చున్నోడివి నువ్వు. కోసేసిన తెల్లగుడ్డ మాత్రం పారెయ్యద్దు, నాకు పంపు.

నబీ


ధర్మవరం,
నవంబరు 20.

నబీకి,

వంగపూత రంగు. వేరే ఆలోచన రాలేదు.

పట్టుకు రంగు ఏయించి పడుగు ఎక్కించినా. రంగు కుదిరేదాకా రెండుసార్లు వెనక్కి పంపినా. కాగితంలో ఉండిన వంగపూత రంగు వేరు, పట్టులో వేరు. పట్టులో వెలుగు కలిసొస్తాది. ఎండలోకి తెచ్చి చూసినా, అదే.

అంచు చిలకపచ్చ. రోంత జరీ. మామూలు వెడల్పు పెడదామనుకున్యా. ఓబులమ్మ ఇంకా వెడల్పు పెట్టమనింది. ఎనభై ఏండ్లామెకు అంత అంచు యాల అంటే, "ఇన్నేండ్లు అంచే లేకుండా కట్టింది గదా, పెట్టు" అనింది. పెట్టినా.

అంచుకు కొత్త డిజైను గీసి అట్టలు కొట్టించినా. పూవు కాదు, హంస కాదు. వలయంలో వలయం, కాగితం గొలుసు. చూసేటోళ్ళకు ఏదో ఒక అంచు అనిపిస్తాది. మనకు తెలుస్తాది.

నా నడుము చూసి చంద్రమోహన్ తాను నేస్తానన్యాడు. ఇయ్యలేదు. ఇది నా చీర. పేక పేకకూ చెయ్యి ఆడతాండాది, యాడా తప్పు పడలేదు. వీధిలోవాళ్ళు వచ్చి చూసిపోతాండారు. చీరల అంగడాయన ఒకడు వచ్చి నాకియ్యి అన్యాడు. ఇయ్యను అన్యా. ఆ మాట గట్టిగానే చెప్పినా, ఓబులమ్మ వంటింట్లోనుంచి వచ్చి చూసింది ఎవరు మాట్లాడినారని.

భయం మాత్రం పోలేదు. కట్టదేమో. పది మంది ముందర ఇస్తే కాదనలేక తీసుకుంటాది. అట్ల తీసుకోవద్దు. నాకు ఏం చేయల్లనో తెలీదు.

తెల్లగుడ్డ ఈ పొట్లంలోనే పెట్టినా.

గంగాధర


హిందూపురం,
నవంబరు 29.

గంగాధరా,

పది మంది ముందర యాల ఇస్తావు? జనాన్ని నేను ఆకుల కాడికి పిలుస్తా. అందరూ బువ్వ మీద పడినప్పుడు నువ్వు గదిలోకి పోయి ఇచ్చేసి రా. నీకు కూడా మాట్లాడే బాధ తప్పుతాది.

జాకెట్టు కుట్టినా. చిలకపచ్చ. లోపల లైనింగు నువ్వు పంపిన తెల్లపట్టు. బయటికి కనపడదు, ఒంటికి మెత్తగా ఉంటాది. ఆ గుడ్డ మీద కత్తెర పెట్టేదానికి నాకు చెయ్యి రాలేదురా, అంత బాగ నేసినావు. తప్పు చీర అయినా మంచి చీర.

అట్టలు, గొలుసులు ముందురోజే తెచ్చెయ్యి. వాన చినుకు పడినా రంగులన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి.

నబీ


ధర్మవరం,
డిసెంబరు 20.

నబీకి,

ఇంటికి బాగ చేరినాము. ఓబులమ్మ నీ కోడలి పాయసం సంగతి వీధిలో అందరికీ చెప్పుకుంటా తిరుగుతాండాది.

పండగ బాగ జరిగింది. ఇది రాసేదానికి నాకు సిగ్గు లేదు. మనం చేసినట్ల ఎవరూ చేసిండరు. పొద్దు పైకొచ్చి అట్టల్లోనుంచి ఎండ దూరి వాకిలంతా రంగు చుక్కలు పడినాయి చూడు, ఆయమ్మ చెప్పులు ఇడిచిపెట్టి వాటి మీద నడిచింది. గొలుసులు ఒక్కొక్కటే చేత్తో పట్టి చూసింది. "ఇది ఎవరు అంటించినారు, బంకంతా బయటికొచ్చింది" అనింది. నువ్వు అంటించిందే అది. నేను చెప్పలేదు, ఆమెకే తెలుసు.

చీర ఇచ్చినప్పుడు నువ్వు ఆకుల కాడ ఉండావు. అప్పటినుంచి చెప్పేదానికి వీలు కాలేదు. ఇప్పుడు రాస్తాండా.

గదిలో కుర్చీలో కూర్చునింది. తెల్లచీరే. చీరా, నీ జాకెట్టూ కలిపి కట్టిన పొట్లం ఒళ్ళో పెట్టినా. ఏం చెప్పల్లనో ధర్మవరంనుంచి అనుకుంటానే పోయింటి, నేను నోరు తెరిచేలోపలే ఆయమ్మ విప్పింది. అంచు మీద చెయ్యి పెట్టి మెల్లగా కొసదాకా పోనిచ్చింది. గొలుసును కనుక్కున్యాది, వలయాలు ఏలితో తడిమింది. "ఈ రంగు నీకెట్ల తెలిసిందిరా" అనింది.

నేను చెయ్యెత్తినా. హాజరుకు ఎత్తినట్ల. ఎందుకెత్తినానో నాకే తెలీదు. ఆయమ్మ నవ్వింది.

తర్వాత మడత మీద మడత పెట్టింది. ఉమేష్ భార్య లోపలికొచ్చి చూసి, కట్టుకోండత్తా ఈ పొద్దు అనింది. "కట్టుకుని యాడికి పోయేదుండాది" అనింది. లేచి పోయి బీరువాలో పెట్టి తాళం ఏసింది.

అంతే. సగం చెవిటోణ్ణి, ఆ తాళం చప్పుడు మాత్రం ఇంకా వినపడతాండాది. తప్పు చేసినామా నబీ? తెల్లచీర ఇచ్చింటే కట్టేదేమో.

గంగాధర


హిందూపురం,
జనవరి 4.

ఏరా,

తాళం యాల ఏస్తారు? పనికిరానిదానికి ఏస్తారా? మా ఇంట్లో పాత చొక్కాలకు తాళం ఏయరు.

జాకెట్టు కూడా ఆమె కాడనే ఉండాది. ఇంతవరకు వెనక్కి రాలేదు. నేను కుట్టిన జాకెట్టు వెనక్కి రాలేదంటే అది పెద్ద సంగతి, హిందూపురంలో ఎవరినన్నా అడుగు.

మన పని మనం చేసినాము. కట్టేది కట్టనిది ఆమె చేతిలో ఉండాది. ఆ మాత్రం అన్నా ఆమె చేతిలో ఉండనీ. ఆ దినాల్లో అది కూడా లేదు గదా.

నౌషీన్ కాలేజీలో మన ఫోటోలు అందరికీ చూపించుకుంటాండాది. ఇంకో పిల్ల వాళ్ళ అవ్వ పండగకు అట్టల తోరణం కావల్లనిందంట. "మా గంగాధర తాతను అడగల్ల" అని చెప్పిందంట ఈ పిల్ల. నువ్వు దానికి ఎప్పుడు తాతవయినావో నాకు తెలీదు. నేనొకణ్ణి ఉండా ఈడ.

నబీ


హిందూపురం,
ఫిబ్రవరి 13.

గంగాధరా,

ఇది కూర్చుని చదువు.

మొన్న టీచరమ్మ ఫోన్ చేయించింది. ఏటా పింఛనోళ్ళు ఆఫీసుకు పోయి బతికుండామని సంతకం పెట్టి రావల్ల గదా. ఉమేష్ ఊర్లో లేడంట, నువ్వు తోడు వస్తావా అనింది. పొద్దున్నే బస్సెక్కి పోయినా. వాకిట్లో నిలబడి, టీచరమ్మా వచ్చినా అన్యా. "ఉండరా, వస్తాండా" అని లోపలినుంచి గొంతు.

వచ్చింది.

నీ చీర. నా జాకెట్టు.

నేను మెట్టు మీద కూర్చుండిపోయినా. "ఏమిరా, మోకాలా" అనింది. అవును టీచరమ్మా, మోకాలే అన్యా.

ఆటో పిలుస్తానంటే వద్దనింది. బజారులో నడిచే పోయింది. నేను రోంత యెనక పడినా, కావాలనే. ఆ వంగపూత రంగు ఎండలో అట్ల పోతాంటే యెనకనుంచి చూడల్లని. కూరగాయలోళ్ళు చూసినారు, బస్సు కోసం నిలబడినోళ్ళు చూసినారు. ఒకామె "అది టీచరమ్మేనా" అని పక్కామెను అడిగింది. ఆమె ఎవరినీ చూడలేదు. ముందర చూసుకుంటా పోయింది, మనల్ని వరసలో నడిపించుకుని పోయేది చూడు, అట్ల.

ఆఫీసులో గుమస్తా చిన్నవాడు. ఏటా తెల్లచీరలో చూసినోడు గదా, తల ఎత్తి చూసి లేచి నిలబడినాడు.

"ఏం టీచరమ్మా, ఈ పొద్దు ఏమన్నా విశేషమా? పెండ్లికి పోతాండారా?"

"లేదు నాయనా. బతికుండానని చెప్పేదానికి వచ్చినా."

సంతకం పెట్టింది. కలానికి మూత పెట్టి వానికి ఇచ్చేసి అనింది, "బతికున్నట్ల కనపడద్దా మరి."

ఆడ కూర్చున్న ముసిలోళ్ళందరూ తిరిగి చూసినారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా చెప్పినా. జాకెట్టు కుట్టింది నేను, చీర నేసింది గంగాధర, ధర్మవరం, మేమిద్దరం ఈయమ్మ కాడనే చదివినాము అని అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పినా. టీచరమ్మ "చాలు కూర్చోరా" అనేదాకా చెప్పినా.

నబీ


ధర్మవరం,
ఫిబ్రవరి 19.

నబీకి,

నీ జాబు ఓబులమ్మకు చదివి వినిపించినా. మళ్ళా చదవమనింది. చంద్రమోహన్‌ను మగ్గం ఆపమని చెప్పి వానికీ చదివినా. పక్కింటికి నేనే పోయి చదివినా. ఎవరూ అడగలేదు. గట్టిగానే చదివినా.

ఓబులమ్మ ఒక సంగతి అడగమనింది. ఆయమ్మ పైట మడతలు పెట్టి భుజానికి పిన్ను పెట్టుకునిందా, విడిచి ఏసుకునిందా? మడతలు పెడితే అంచు సగమే కనపడతాది. విడిచి ఏసుకుంటేనే అంతా కనపడేది. సరిగ్గా గుర్తు చేసుకుని రాయమనింది.

నాకు కూడా తెలుసుకోవల్ల.

గంగాధర